నడకదారి శాంతమా, కంపార్ట్‌మెంట్ శాంతమా?

తిరుపతిలో ఉండేవాళ్లకు కొండెక్కడం కొత్త కాదు. అయినా మనసు నెమ్మదించేది ఎక్కడ అంటే మా ఇంట్లోనే రెండు మాటలు.

అమ్మది అలిపిరి పక్షం. 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఆయాసం ఎక్కువ, మాటలు తక్కువ. మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టేవాళ్లను చూస్తూ, గోవింద నామం అనుకుంటూ ఎక్కితే కోపం తెచ్చుకోవడానికి ఊపిరే మిగలదు. వేదాంతంలో తితిక్ష అనేది దీన్నే: ఎండనూ చలినీ నొప్పినీ గొణగకుండా ఓర్చుకోవడం. (మోకాళ్ల పర్వతం దగ్గర నేను గొణుగుతాను, అది వేరే సంగతి.) శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లే కాబట్టి అమ్మ దాన్ని లెక్కలోకే తీసుకోదు.

నా ఓటు మాత్రం కొండమీద దర్శనానికి ముందు అందరినీ కూర్చోబెట్టే వైకుంఠం కంపార్ట్‌మెంట్‌కి. చేతిలో ఫోన్ ఉండదు, గేటు ఎప్పుడు తీస్తారో తెలియదు, పక్కన చంటిబిడ్డ ఏడుపు. కాళ్లకు పని లేదు కాబట్టి మనసు పరుగెడుతుంది. దాన్ని పట్టి కూర్చోబెట్టడమే శమం. మెట్ల మీద శాంతం అలసటతో దానంతట అదే వస్తుంది, ఇక్కడ మనమే తెచ్చుకోవాలి. కష్టం ఇదే ఎక్కువ, రోజువారీ బతుక్కి దగ్గర కూడా ఇదే. బస్టాండులోనో, బ్యాంకు లైన్లోనో టెన్షన్ వస్తే ఎక్కడానికి మెట్లుండవు కదా.

పోయినసారి గేటు తీయగానే అందరం లేచి తోసుకున్నాం, నేనూ అందులోనే. ఒక పెద్దాయన మాత్రం కాళ్లు మడుచుకుని కూర్చునే ఉన్నాడు. "పోనీలే నాయనా, సామి యాడికీ పోడు" అన్నాడు.