నాలుగు వేసవులు చూసిన డూప్లికేట్ కారు తాళం

సెకండ్ హ్యాండ్ కారు కొన్న చాలామందికిలాగే నాకూ ఒకటే తాళం చేతికొచ్చింది. గుంటూరులో కొన్న 2015 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్ అది. రెండో తాళం ఏదయ్యా అని అడిగితే బ్రోకరు "ఓనరు గారింట్లో ఎక్కడో పెట్టి మర్చిపోయారండీ, దొరగ్గానే పంపిస్తా" అన్నాడు. ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నట్టున్నారు. ఆ తర్వాత విజయవాడలో డూప్లికేట్ చేయించి నాలుగేళ్లు దాటింది. రోజూ వాడేది దాన్నే, ఒరిజినల్ బీరువాలో ఉంటుంది. కొత్త తాళం చేతిలో మెరుస్తున్నప్పుడు ఎవరైనా బాగుందనే రాస్తారు. ఇది బటన్లు అరిగాక రాస్తున్నది.

ముందు డబ్బు సంగతి. కంపెనీ సర్వీస్ సెంటర్లో చెప్పిన ఎస్టిమేటు 9,000 పైచిలుకు. ఆర్సీ, ఆధార్ జిరాక్సులిచ్చి అడ్వాన్సు కడితే తాళం పైనుంచి కట్ అయి వస్తుందట, అప్పుడు మళ్ళీ బండి తెస్తే తాళాన్ని బండికి మ్యాచింగ్ చేస్తారట. ఆటోనగర్లో నాకు తెలిసిన మెకానిక్ చూపించిన తాళాలాయన అదే పని 3,500 అన్నాడు, కాస్త నస పెడితే 3,200కి దిగాడు. ఆర్సీ మాత్రం ఆయనా అడిగాడు. అడగనివాడి దగ్గర చేయించకండి. మీ బండి కాగితం చూడనివాడు రేపు ఇంకొకడు మీ బండి దగ్గరికి పిలిచినా చూడడు.

ఈ రేటు ఒక తాళం బతికున్నప్పటిది. రెండూ పోగొట్టుకుని ఫోన్ చేస్తే లెక్క వేరు. అప్పుడు డోర్ లాక్ చూసి బ్లేడు తయారుచేయాలి, కారు ఎక్కడుంటే అక్కడికి మిషను మోసుకురావాలి, కొన్ని మోడళ్ళకి బండి కంప్యూటర్ అడిగే రహస్య నంబరు, అదే పిన్ కోడ్, సంపాదించాలి. మా అపార్ట్‌మెంట్లో ఒకాయన తిరుపతి నుంచి వస్తూ ఉన్న ఒక్క తాళం పోగొట్టుకుని, నాకయినదానికి రెండింతలు పైనే ఇచ్చుకున్నాడు. టోయింగ్ ఖర్చు అదనం.

కారు తాళం అని ఒకటే పేరు పెట్టి పిలుస్తాం గానీ అందులో ఉండేవి మూడు: ఇనుప బ్లేడు, ఇమ్మొబిలైజర్ చిప్ (దీన్ని బండి గుర్తుపడితేనే ఇంజన్ అందుకుంటుంది), రిమోట్ బోర్డు. ఒకటి పనిచేస్తూ ఇంకోటి చచ్చిపోవచ్చు. ఈ తేడా తెలియక జనం రిమోట్ పాడయితే మొత్తం తాళం మార్పించేస్తున్నారు.

చిప్ సంగతి తాళాలాయన నాకు మాటల్లో చెప్పలేదు, చేసి చూపించాడు. మాది నడి మధ్యలో గాడి ఉండే లేజర్ కట్ తాళం. మిషన్లో ఒకవైపు నా ఒరిజినల్, ఇంకోవైపు ఖాళీ బ్లేడు బిగించాడు. ఇటు సూదిలాంటి ముల్లు నా తాళం గాడిలో పాకుతుంటే, అటు కట్టర్ సరిగ్గా అదే దారిలో కొత్తదాన్ని చెక్కుకుపోయింది. సన్నటి ఇనుప రజను ఊదేసి, బ్రష్షుతో అంచులు రుద్ది, చిప్ పెట్టకుండానే నా చేతికిచ్చి "కొట్టండి సార్ సెల్ఫ్" అన్నాడు. తాళం నున్నగా తిరిగింది. సెల్ఫ్ కూడా తిరిగింది. ఇంజన్ మాత్రం అందుకోలేదు, మీటర్ బోర్డులో తాళం బొమ్మ టపటపా కొట్టుకుంటోంది. తర్వాత నా ఒరిజినల్‌ని ఆ తాళం తలకి ఆనించి పట్టుకుని మళ్ళీ కొట్టమన్నాడు. వెంటనే స్టార్టయింది.

ఇగ్నిషన్ లాక్ చుట్టూ ఒక రాగి తీగచుట్ట ఉంటుంది. తాళం తిప్పగానే అది 125 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. చిప్‌కి కావలసిన కరెంటు అందులోంచే వస్తుంది, చిప్ జవాబు కూడా ఆ చుట్టకే అందుతుంది. అంటే చిప్‌కి బ్యాటరీతో పనే లేదు. రిమోట్ బ్యాటరీ అయిపోయినా మామూలు తాళమున్న బండి స్టార్టవుతుంది. బ్యాటరీ అయిపోతే బండి కదలదేమోనని మా ఆవిడ బ్యాగులో ఎప్పుడూ ఒక బిళ్ళ వేసుకుని తిరిగేది. ఇది తెలిశాక దాన్ని తీసి వంటింటి వేయింగ్ మిషన్లో వేసింది.

ఇక అసలు విషయం. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌కి (బండి కంప్యూటర్‌తో మాట్లాడే ప్లగ్గు అది) వైరు తగిలించి, ట్యాబ్‌లో బండి మోడల్ ఎంచుకున్నాక తెరమీద "నమోదైన తాళాలు: 2" అని వచ్చింది. నా దగ్గరున్నది ఒకటే. కొత్తదాన్ని ఇంకా ఎక్కించనే లేదు. ఆయన నా మొహం చూసి "రెండోది ఎవరి దగ్గరో ఉంది సార్, అది పెడితే మీ బండి స్టార్టవుతుంది" అన్నాడు. రాత్రిళ్ళు పటమట రోడ్డు పక్కన పార్క్ చేసే బండి మరి! ఉన్నవన్నీ చెరిపేసి, నా ఒరిజినల్‌నీ కొత్త తాళాన్నీ మాత్రమే ఒకదాని తర్వాత ఒకటి పెట్టి ఎక్కించాడు. పది నిమిషాల పని. ఇప్పుడు ఆ గుంటూరు తాళం ఎప్పటికి దొరికినా బండి స్టార్ట్ చేయలేదు. డోరు మాత్రం తీయగలదు, బ్లేడు కోత మారదు కదా. అందుకే డాష్‌బోర్డులో విలువైనవి పెట్టను.

నన్నడిగితే 3,200లో సగం విలువ ఈ చెరిపివేతదే. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్ళకి రెండు తాళాలూ చేతికొచ్చినా సరే, ఒకసారి లెక్క చూపించమని అడగండి. అన్ని మోడళ్ళలో ఈ లెక్క ఇలాగే కనిపిస్తుందని కాదు. చెరిపేటప్పుడు మాత్రం ఇంట్లో ఉన్న తాళాలన్నీ వెంట తీసుకెళ్ళాలి. బీరువాలో వదిలేసి వెళ్ళింది ఆ పూటతో ఉత్త ఇనపముక్క అవుతుంది.

నాలుగేళ్ల వాడకంలో బ్లేడుకీ చిప్‌కీ వంక పెట్టడానికి లేదు. స్టార్ట్ కాకుండా మొరాయించిన రోజు లేదు. రిమోట్ దగ్గరే బేరం ధర బయటపడింది. మొదట్లో మూడో అంతస్తు బాల్కనీలోంచి నొక్కినా కింద బండి లాకయ్యేది. రెండో వేసవికి బండి పక్కకెళ్ళి నొక్కాల్సి వచ్చింది. బిళ్ళ మారిస్తే కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదలు. కొట్టువాడు ఇచ్చిన సీఆర్ 2032 బిళ్ళ పేరు లేనిది. మంచి కంపెనీది వేశాక రేంజ్ నిలబడింది. సాకెట్ సైజు చూసి కొనండి, 2016 కూడా అంతే వెడల్పు ఉంటుంది గానీ పలచన. దాన్ని 2032 చోట పెడితే రేకు సరిగా ఆనదు.

ఆ తర్వాత అన్‌లాక్ బటన్ రబ్బరు చిరిగింది. మన మే నెల ఎండలో బందరు రోడ్డు మీద గంట నిలబెట్టిన బండిలో ప్లాస్టిక్ ఏమవుతుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. రబ్బరు మెత్తబడి వేలికి జిగురులా అంటుకునేది. దాని కిందున్న చిన్న స్విచ్ కూడా పోతే, ఒక మొబైల్ రిపేర్ కుర్రాడు కొత్తది సోల్డర్ చేసి 150 తీసుకున్నాడు. తాళాలాయన అయితే బోర్డే మార్చాలన్నాడు, 1,200 అవుతుందట. మనిషి మంచివాడే, కాకపోతే తన దగ్గరున్న సరుకే మందు అనుకుంటాడు. మడత తాళం కాబట్టి బ్లేడుని పట్టి ఉంచే పిన్ను వదులై, తిప్పేటప్పుడు కాస్త ఊగుతోంది. ఒరిజినల్‌కి ఏళ్ళ తరబడి వాడకం తర్వాత కూడా ఆ ఊగు లేదు.

స్మార్ట్ కీ (తాళం తిప్పకుండా బటన్ నొక్కి స్టార్ట్ చేసే బండిది) ఉన్నవాళ్ళ కథ వేరే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్లో మా బావగారి పుష్ స్టార్ట్ బండి సీట్ల దాకా మునిగింది. కంట్రోల్ యూనిట్ మార్చాల్సి వచ్చింది, మార్చాక పాత తాళాల్ని కొత్త యూనిట్‌కి మళ్ళీ పరిచయం చేయించాలి. అందులో ఒక తాళం బండిలోనే నాని, బోర్డు మీద పచ్చటి పాచిలా చిలుము పట్టి పనికిరాకుండా పోయింది. మేనల్లుడి పాత కారు బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసులో ఉండబట్టి బతికిపోయింది, దాని మామూలు తాళం మాత్రం ఇంట్లో బురదనీళ్ళలో మునిగింది. రిమోట్ చచ్చింది. చిప్ విడిగా సీలు చేసి ఉంటుంది కాబట్టి తుడిచి పెడితే బండి స్టార్టయింది. స్మార్ట్ కీలో మామూలుగా అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి, పోతే అన్నీ కలిసే పోతాయి.

బావగారు ఖర్చు తగ్గుతుందని పాత సామాన్ల కొట్లో అదే మోడల్ స్మార్ట్ కీ 800కి తెచ్చారు. ఎక్కలేదు. వాటిలో చాలావరకు ఒకసారి ఒక బండికి కట్టుబడ్డాక ఇంకో బండికి ఎక్కవు, లోపలి మెమరీ చెరిపి అన్‌లాక్ చేస్తే తప్ప. ఆన్‌లైన్లో కొనేవాళ్ళకి ఇంకో రెండు ఉచ్చులు: ఫోటోలో తాళంలా కనబడేది లోపల ఏమీ లేని ఉత్త షెల్ కావచ్చు, లేదా రిమోట్ సిగ్నల్ 315 మెగాహెర్ట్జ్‌ది కావచ్చు. నాదీ బావగారిదీ రెండూ 433 రకమే. వెనక ముద్రించి ఉంటుంది, చూసి కొనాలి.

పుష్ స్టార్ట్ తాళంలో బిళ్ళ అయిపోతే కంగారు పడొద్దు. లోపల దాగిన చిన్న బ్లేడుతో డోరు తీసి, తాళాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి బ్రేక్ తొక్కి నొక్కితే చాలా బండ్లు అందుకుంటాయి. కొన్నింటికి కప్ హోల్డర్లోనో కన్సోల్లోనో చోటు ఉంటుంది, మాన్యువల్లో బొమ్మ వేసి చూపిస్తారు.

నాలాగా ఒక్క తాళంతో బండి కొన్నవాళ్ళు ఇన్సూరెన్స్ వైపు కూడా చూసుకోవాలి. బండి దొంగతనం పోతే క్లెయిమ్‌లో మామూలుగా రెండు ఒరిజినల్ తాళాలూ అడుగుతారు, డూప్లికేట్‌ని ఒరిజినల్ కింద లెక్కేయరు. కొనేటప్పుడే "ఒకే తాళం ఇచ్చాను" అని అమ్మినాయన చేత రాయించి సంతకం తీసుకోండి. నేను ఆ కాగితం కోసం గుంటూరు మళ్ళీ వెళ్ళాను, ఓనరు గారు మర్యాదగా కాఫీ ఇచ్చి మరీ రాసిచ్చారు. ఈసారి రెన్యువల్‌లో కీ రీప్లేస్‌మెంట్ కవర్ కూడా కలిపించాను. కొన్ని వందలే ఎక్కువైంది. క్లెయిమ్ చేస్తే పోలీసు ఫిర్యాదు కాపీ, పక్కా బిల్లు అడుగుతారని ఏజెంటు ముందే చెప్పాడు. ఆటోనగర్ తాళాలాయన ఇచ్చేది చీటీ మీద రాసిన లెక్క.