ఇంటి నుంచి డిజైన్ పని: లయబిలిటీ ఇన్సూరెన్స్ తీసుకోవాలా, అగ్రిమెంట్ సరిపోతుందా?

ఒక గదిలో కంప్యూటర్ పెట్టుకుని లోగోలు, బ్రోషర్లు చేసుకునేవాళ్ళకి లయబిలిటీ ఇన్సూరెన్స్ (మన వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే ఆ డబ్బు కట్టే పాలసీ) ఎందుకులే అని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఒకసారి బ్రోషర్‌లో ఫోన్ నంబర్ ఒక అంకె తప్పు పడింది, మొత్తం అచ్చయ్యాక గానీ ఎవరూ చూడలేదు. ప్రూఫ్ (అచ్చుకి ముందు చూపించే నమూనా) చూసి ఓకే అంటూ క్లయింట్ పంపిన మెయిల్ ఉండబట్టి బయటపడ్డాను గానీ, ఆ నాలుగు రోజుల టెన్షన్ మాత్రం మర్చిపోలేను.

అందుకే ముందు అగ్రిమెంట్ గురించే చెప్తాను. నష్టం ఏదైనా మన బాధ్యత తీసుకున్న ఫీజు వరకే అని, ఫైనల్ ప్రూఫ్ ఆమోదించాక మిగిలిన తప్పులు క్లయింట్‌వే అని, వాళ్ళిచ్చిన ఫోటోల హక్కులకి వాళ్ళదే పూచీ అని రాయించుకోండి. ఖర్చు పెద్దగా ఉండదు, సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. కాకపోతే అగ్రిమెంట్ మన తరఫున లాయర్‌కి డబ్బు కట్టదు. పైగా వాడిన ఫోటో తనదని బయటివాళ్ళెవరో కేసు వేస్తే, మనతో ఏ సంతకమూ చేయని ఆ మనిషికి మన షరతులు వర్తించవు.

ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ పనికొచ్చేది అక్కడే. మన పనిలో తప్పు వల్ల క్లయింట్‌కి డబ్బు నష్టం వస్తే పరిహారంతో పాటు లాయర్ ఖర్చులు కూడా మామూలుగా ఇందులోకి వస్తాయి, కాపీరైట్ గొడవల్ని కూడా కొన్ని పాలసీలు కవర్ చేస్తాయి. ట్రేడ్‌మార్క్ (మన లోగో ఇంకొకరి వ్యాపార గుర్తును పోలి ఉందనే గొడవ) సంగతి మాత్రం అడిగి తెలుసుకోండి, లోగోలు చేసేవాళ్ళకి అసలు భయం దాంతోనే, చాలాచోట్ల దాన్నే మినహాయిస్తారు. తెలిసి చేసిన తప్పుకి ఏ పాలసీ డబ్బివ్వదు.

చాలామంది లయబిలిటీ అనగానే తీసుకునేది జనరల్ లయబిలిటీ. అది క్లయింట్ మన మెట్ల మీద జారిపడినా, వాళ్ళ ఆఫీసులో మన చేతిలోంచి ఏదైనా పడి పగిలినా పనికొస్తుంది. తప్పు నంబర్ లాంటివాటికి మామూలుగా వర్తించదు. అంతా ఆన్‌లైన్‌లోనే నడిపేవాళ్ళకి దీని అవసరం తక్కువ, పని జరిగే ఇళ్ళకి, ఆఫీసులకి తిరిగే ఇంటీరియర్ డిజైనర్లకి మాత్రం తప్పదు. ఇంటి ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోవద్దు, వ్యాపారం పని మీద వచ్చినవాళ్ళకి జరిగిన ప్రమాదాన్ని ఆ పాలసీలు చాలావరకు పక్కన పెట్టేస్తాయి.

నన్నడిగితే, చిన్న చిన్న పనులు, తెలిసిన క్లయింట్లు అయితే గట్టి అగ్రిమెంట్‌తో మొదలుపెట్టండి. మీ డిజైన్ పెద్ద ఎత్తున అచ్చుకి వెళ్తున్నా, ప్యాకింగ్ మీద పడుతున్నా, క్లయింటే ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అడుగుతున్నా ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ తీసుకోండి. తీసుకున్నాక మధ్యలో ఆపకండి. ఈ పాలసీలు ఎక్కువగా క్లెయిమ్ వచ్చిన రోజు అమల్లో ఉంటేనే పనిచేస్తాయి, రెండేళ్ళ క్రితం చేసిన బ్రోషర్ మీద నోటీసు ఈరోజు రావచ్చు.