డిపాజిటరీ పంపే కాస్ నివేదిక: షేర్లకు ఈసీ వంటి కాగితం

ప్రతి నెలా పన్నెండో తేదీకి అటూ ఇటూగా నాకు ఒక ఈమెయిల్ వస్తుంది. దానికి జతపరచిన పీడీఎఫ్, పాన్ నంబరును పెద్ద అక్షరాలలో కొడితే తెరుచుకుంటుంది. దాని పేరు ఏకీకృత ఖాతా నివేదిక, వాడుకలో కాస్. డీమ్యాట్ ఖాతా, అంటే షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకునే ఖాతా ఉన్న చాలామంది దీనిని బ్యాంకుల ప్రకటనలతో కలిపి తీసిపారేస్తుంటారు. నేను ఐదేళ్లుగా దీనిని వదలకుండా చదువుతున్నాను. షేర్లలోకి కొత్తగా వచ్చేవారికి ఏ యాప్ బాగుంటుంది, ఏ బ్రోకర్ రుసుము తక్కువ అని చెప్పే సమీక్షలు కావలసినన్ని ఉన్నాయి కానీ, పైసా ఖర్చు లేకుండా మన చేతికి వచ్చే ఈ సేవ గురించి రాసినవారు తక్కువ. పెట్టుబడి పేరుతో జరిగే మోసాన్ని పట్టి చూపడంలో సామాన్యుడికి ఇంతకంటే మంచి సాధనం లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను కనుక దీని మంచిచెడ్డలు రెండూ వివరంగా రాస్తున్నాను.

కాగితపు సర్టిఫికెట్ల రూపంలో ఉండే షేర్లు ఎలక్ట్రానిక్ పద్దులుగా మారడానికి 1996 నాటి డిపాజిటరీల చట్టం పునాది వేసింది. ఆ పద్దులు నిర్వహించే సంస్థలే డిపాజిటరీలు. ఆ ఏడాదే ఎన్‌ఎస్‌డీఎల్, 1999లో సీడీఎస్‌ఎల్ పని మొదలుపెట్టాయి. మనం కొన్న షేరు బ్రోకర్ దగ్గర ఉండదు. ఈ రెండు డిపాజిటరీలలో ఒకదాని పద్దులో మన పేరు మీద ఉంటుంది. బ్రోకర్ కొనిపెట్టి, అమ్మిపెట్టే మధ్యవర్తి మాత్రమే. స్థలం కొనేటప్పుడు మధ్యవర్తి మాట మీద ఆగిపోకుండా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లి ఈసీ తీయించి, అమ్మేవాడి పేరు అందులో ఉందో లేదో చూసుకునేంత జాగ్రత్త మనవాళ్లకు ఉంది. షేర్ల దగ్గరికి వచ్చేసరికి అదే మనుషులు ఫోను తెర మీద కనిపించే అంకెను ఆస్తి అనుకుంటున్నారు. షేర్లకు ఈసీ వంటిది ఈ కాస్. పాన్ ఆధారంగా మన పేరున ఉన్న డీమ్యాట్ ఖాతాలన్నీ, అవి ఏ డిపాజిటరీలో ఉన్నా, వాటితో పాటు మ్యూచువల్ ఫండ్ ఫోలియోలు (ఫండ్ సంస్థ దగ్గర మన ఖాతాలు) కూడా ఒకే నివేదికలో కనిపిస్తాయి. రెండు చోట్లా ఖాతాలు ఉన్నవారికి, మొదట ఖాతా తెరిచిన డిపాజిటరీయే సాధారణంగా దీనిని పంపుతుంది.

తొలిసారి చూసినవారికి ఇది కొంచెం కఠినంగానే ఉంటుంది. ఇంగ్లిషు సంక్షిప్త పదాలు, చిన్న అక్షరాలు, గళ్ల మీద గళ్లు. సీడీఎస్‌ఎల్ 2024 జనవరిలో 23 భారతీయ భాషలలో కాస్ అందించే ఏర్పాటు ప్రారంభించింది కనుక ఇంగ్లిషు ఇబ్బంది అనిపించినవారు ఆ సౌకర్యాన్ని వాడుకోవాలి. అయినా నాలుగు చోట్ల కన్ను నిలిపితే చాలు, నివేదిక లొంగుతుంది. మొదటిది ఖాతా సంఖ్య: సీడీఎస్‌ఎల్‌లో అయితే మొత్తం 16 అంకెలు, ఎన్‌ఎస్‌డీఎల్‌లో అయితే ‘ఐఎన్’ అనే రెండు అక్షరాలు, వాటి తర్వాత 14 అంకెలు. రెండోది ప్రతి షేరు పక్కన ఉండే ఐసిన్ అనే 12 స్థానాల గుర్తు; మన కంపెనీల షేర్లకు అది ‘ఐఎన్‌ఈ’తో, మ్యూచువల్ ఫండ్ యూనిట్లకు ‘ఐఎన్‌ఎఫ్’తో మొదలవుతుంది. ఒకే పేరు పోలిన కంపెనీలు ఉన్నప్పుడు మనం కొన్నది ఏదో తేల్చేది ఈ గుర్తే. మూడోది షేర్ల సంఖ్య: ఎన్ని స్వేచ్ఛగా ఉన్నాయి, ఎన్ని తాకట్టులో ఉన్నాయి అన్నది వేరువేరుగా చూపుతారు, మనం తాకట్టు పెట్టకుండానే ఆ గడిలో సంఖ్య కనిపిస్తే ఆ రోజే ఆరా తీయాలి. నాలుగోది ఆ నెలలో ఖాతాలోకి వచ్చినవి, పోయినవి.

ఈ నివేదిక విలువ నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం మా తోడల్లుడి వ్యవహారంలోనే. ఆయన ఉద్యోగ విరమణ చేసిన కొద్ది నెలలకు ఎవరో ఆయన నంబరును ఒక వాట్సాప్ బృందంలో చేర్చారు. అందులో రోజూ ఉదయం ఒక ‘ప్రొఫెసర్’ పాఠం చెబుతాడు, సాయంత్రం సభ్యులు తమకు వచ్చిన లాభాల చిత్రాలు పెట్టి ఆయనకు కృతజ్ఞతలు చెబుతారు. మూడు వారాల తర్వాత ఒక యాప్ లింకు పంపి, దానిలో ‘సంస్థాగత ఖాతా’ తెరిస్తే మార్కెట్ ధర కంటే తక్కువకు షేర్లు, ఐపీఓలలో (కంపెనీలు తొలిసారి ప్రజలకు షేర్లు అమ్మేటప్పుడు) ఖాయంగా కేటాయింపు దొరుకుతాయని చెప్పారు. మొదట పంపిన సొమ్ములో ఐదు వేలు వెనక్కి అడిగితే గంటలో ఇచ్చారు. ఆ ఐదు వేలే ఆయన నమ్మకానికి వెల అయింది. విడతలవారీగా మూడు లక్షల నలభై వేలు పంపారు, ప్రతిసారీ వేరే వేరే పేర్ల కరెంటు ఖాతాలకు. యాప్‌లో పదకొండు లక్షలు కనిపిస్తున్నాయి. తీసుకోబోతే, లాభం మీద ఇరవై శాతం పన్ను ముందుగా కడితే తప్ప డబ్బు విడుదల కాదన్నారు. ఆ పన్ను సొమ్ము కోసమే ఆయన నాకు ఫోన్ చేశారు.

“అన్నయ్యా, ఈ నెల కాస్ వచ్చిందా మీకు?” అని అడిగాను.

“వచ్చే ఉంటుందిరా, నేను చూడలేదు. యాప్‌లో అన్నీ కనిపిస్తున్నాయి కదా.”

ఎప్పుడో పదేళ్ల కిందట ఆయన ఒక బ్యాంకు ద్వారా తెరిచిన డీమ్యాట్ ఖాతా ఉంది. ఆ ఈమెయిల్ వెతికి తెరిపించాను. అందులో పాత షేర్లు మూడు రకాలు ఉన్నాయి, అంతే. రెండు నెలలుగా ఆయన ‘కొన్న’ పన్నెండు కంపెనీలలో ఒక్కటి కూడా లేదు. కొత్త ఖాతా అన్నదే ఆయన పాన్ మీద లేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నేను ఎన్ని వాదనలు చేసినా ఆ యాప్ మీద ఆయన నమ్మకాన్ని కదిలించలేకపోయేవాడిని. ఆ ఒక్క ఖాళీ గడి ఆ పని చేసింది. వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాం. చివరి విడత పంపి ఒక రోజు కూడా దాటలేదు కనుక అందులో నలభై వేలను అవతలి బ్యాంకు ఖాతాలో నిలుపుదల చేయగలిగారు. మిగిలినది చేతులు మారిపోయింది.

ఆ ‘పన్ను’ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. మన దేశంలో నివసించే వ్యక్తి స్టాక్ ఎక్స్ఛేంజీలో షేర్లు అమ్మి లాభం పొందితే ఆ లాభం మీద పన్నును తానే ముందస్తు పన్నుగానో, రిటర్ను దాఖలు చేసేటప్పుడో ప్రభుత్వానికి కడతాడు. దానిని ముందుగా తనకు కట్టమని అడిగే అధికారం ఏ బ్రోకర్‌కూ లేదు. విదేశీ సంస్థాగత మదుపరుల ఖాతా ద్వారా మీకూ షేర్లు ఇప్పిస్తామనే మాట కూడా అబద్ధమే. ఆ మార్గం దేశంలో నివసించేవారికి లేదని షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

నకిలీ యాప్ మాట అటుంచితే, నిజమైన బ్రోకర్ దగ్గర కూడా ఈ నివేదికతో పని ఉంటుందని తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ సంస్థ, ఖాతాదారులు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని వాడుకుని వారి షేర్లను తన ఖాతాలోకి మళ్లించి, వాటిని తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిన వ్యవహారంలో 2019 నవంబరు 22న సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. దాని వల్ల ప్రభావితమైన ఖాతాదారులు 95 వేల మందికి పైగా. చిన్న ఊళ్లలో కూడా ఆ సంస్థ శాఖలు ఉండేవి. నమ్మి పొదుపు అప్పగించిన కుటుంబాలు మన రెండు రాష్ట్రాలలోనూ ఎన్నో ఉన్నాయి. 2023లో సెబీ ఆ సంస్థ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసింది. షేరు మన ఖాతాలోంచి బయటికి కదిలితే ఆ కదలిక డిపాజిటరీ పద్దులో నమోదు కాక తప్పదు, కనుక బ్రోకర్ పంపే నివేదికతో దీనిని పోల్చి చూసే అలవాటు ఉన్నవారికి తేడా కనపడుతుంది.

ఆ తర్వాత నిబంధనలు చాలా బిగిశాయి. మార్జిను (లావాదేవీలకు బ్రోకర్ దగ్గర ఉంచే హామీ) కోసం షేర్లను తాకట్టు పెట్టినా అవి 2020 సెప్టెంబరు నుంచి మన ఖాతాలోనే ఉంటాయి. సర్వాధికారాలు ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో 2022 నవంబరులో పరిమిత పనులకే వర్తించే డీడీపీఐ పత్రం వచ్చింది. 2023 జనవరి చివరి నుంచి సోమవారం కొన్న షేరు బదిలీ మంగళవారానికే పూర్తవుతోంది. ఆ తర్వాత, ఎక్స్ఛేంజీ లావాదేవీల లెక్క తేల్చే క్లియరింగ్ కార్పొరేషన్ వాటిని నేరుగా మన డీమ్యాట్ ఖాతాకే జమ చేస్తోంది. అంటే, కొన్న తర్వాతి పని దినం సాయంత్రానికి మీ పద్దులో షేరు కనపడాలి. కనపడకపోవడానికి బ్రోకర్ ఎంత తియ్యటి కారణం చెప్పినా ఆగి ప్రశ్నించాలి.

మా మేనల్లుడు ఖాతా తెరిచినప్పుడు నేను ఈ క్రమమే పాటింపజేశాను. మొదటి కొనుగోలుగా నిఫ్టీ 50 సూచీని అనుసరించే ఈటీఎఫ్‌లో (షేరులా కొని అమ్మగలిగే ఫండ్‌లో) ఒకే ఒక యూనిట్ కొనమన్నాను. మర్నాడు సాయంత్రం వాడు బ్రోకర్ యాప్ మూసి, డిపాజిటరీ సొంత యాప్‌లోకి వెళ్లి చూసుకున్నాడు. “మామయ్యా, ఇక్కడా కనిపిస్తోంది” అన్న తర్వాతే పెద్ద మొత్తం పంపమన్నాను.

ఇప్పుడు దీని లోపాలు, పరిమితులు. అన్నిటికంటే పెద్దది ఆలస్యం. నాకు మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత సొమ్ము పెట్టే సిప్ ఉంది కనుక నెలనెలా నివేదిక వస్తుంది. లావాదేవీ లేని నెలకు రాదు, అసలే కదలిక లేని ఖాతాలకు ఆరు నెలలకు ఒకసారి మాత్రమే వస్తుంది. మోసం జరిగే వేగానికి ఆరు నెలలంటే ఒక యుగం. అందువల్ల దీనిని డిపాజిటరీ యాప్‌తోనూ, షేర్లు కదిలినప్పుడు వచ్చే ఎస్‌ఎంఎస్‌లతోనూ కలిపి వాడాలి. ఆ ఎస్‌ఎంఎస్‌లు ఎవరి ఫోనుకు వెళ్తున్నాయన్నది ఇంకా ముఖ్యం. ఏజెంటు ఇంటికి వచ్చి ఖాతా తెరిపించిన సందర్భాలలో, సులువుగా ఉంటుందని ఏజెంటు తన నంబరో తన ఈమెయిలో రాసేయడం నేను రెండు ఇళ్లలో చూశాను. అటువంటి ఖాతాకు కాస్ ఉన్నా లేనట్టే.

రెండో పరిమితి, డీమ్యాట్‌లోని షేర్లకు ఇందులో మీరు కొన్న ధర కనపడదు, నెలాఖరు మార్కెట్ విలువ మాత్రమే కనపడుతుంది. లాభనష్టాలకు, లావాదేవీ వివరాలతో బ్రోకర్ పంపే కాంట్రాక్టు నోట్లు దాచుకోవలసిందే. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఒప్పందాలు (షేరు భవిష్యత్తు ధర మీద చేసుకునేవి) కూడా ఇందులో ఉండవు, ఎందుకంటే అవి డీమ్యాట్‌లో దాచుకునే ఆస్తులు కావు. కొత్తవారు ఆ తేడాను గుర్తించాలని నా కోరిక. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారని, వారందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని సెబీ అధ్యయనమే చెప్పింది.

మూడోది, షేరు మీదేనని ఈ నివేదిక రుజువు చేస్తుంది. ఆ షేరు మంచిదని మాత్రం చెప్పదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ లేఖ రాసిన రోజున, ఆ కంపెనీ షేర్లు ఉన్నవారి డీమ్యాట్ పద్దులన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఒక్క రోజులో విలువ మాత్రం నాలుగింట మూడు వంతులకు పైగా పోయింది. ఈసీ సరిగ్గా ఉన్నంత మాత్రాన ఆ స్థలంలో నీళ్లు పడతాయని హామీ లేదు కదా. ఒకే కంపెనీలో డబ్బంతా పెట్టకూడదన్న జాగ్రత్త, బ్యాలన్స్ షీటు చదివే ఓపిక విడిగా నేర్చుకోవలసినవే.

ఇది డబ్బు పంపిన తర్వాత పనికొచ్చే సాధనం. పంపక ముందు చూసుకోవడానికి సెబీ 2025 అక్టోబరు నుంచి ‘సెబీ చెక్’ అనే సదుపాయం ఇచ్చింది. రిజిస్టరైన బ్రోకర్లు, మ్యూచువల్ ఫండ్‌ల యూపీఐ చిరునామాలలో ‘@వ్యాలిడ్’ అన్న గుర్తు ఉంటుంది, బ్యాంకు ఖాతా వివరాలను కూడా అందులో సరిచూసుకోవచ్చు. మా తోడల్లుడు పంపినట్టు ఎవరో వ్యక్తుల పేర్ల మీద ఉన్న ఖాతాలు ఆ పరీక్షలో నిలబడవు. కాస్‌లో తేడా కనిపిస్తే ముందు బ్రోకర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, తర్వాత సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌కు వెళ్లాలి. అక్కడ 21 రోజులలో స్పందన రావాలన్నది నియమం. మోసగాళ్లు నకిలీ పీడీఎఫ్‌లు కూడా తయారుచేయగలరు కనుక ఎవరో వాట్సాప్‌లో పంపిన కాస్‌ను నమ్మకుండా, డిపాజిటరీ వెబ్‌సైట్‌లోకి మీరే లాగిన్ అయి తీసుకున్న ప్రతినే చూడాలి.

ఖర్చు విషయానికి వస్తే ఈమెయిల్ నివేదిక ఉచితం. ఒకే డీమ్యాట్ ఖాతా ఉండి, దానిలోని ఆస్తుల విలువ నాలుగు లక్షల లోపు ఉన్నవారికి, బేసిక్ సర్వీసెస్ ఖాతా పద్ధతిలో వార్షిక నిర్వహణ రుసుము కూడా 2024 సెప్టెంబరు నుంచి లేదు. చిన్న మదుపరికి ఇంతకంటే ఏం కావాలి?

ఐదేళ్ల చదువులో నాకు చివరగా కంటపడింది నామినీ వరుస. నా పాత ఖాతాలో అది ‘నమోదు కాలేదు’ అని నెలనెలా చెబుతూనే ఉంది. నేను షేర్ల గళ్లు చూసి మూసేసేవాడిని. మా ఆవిడ పేరు నమోదు చేయడానికి పావుగంట పట్టింది. తర్వాతి నెల నివేదిక తెరిచి ఆమెకే ఇచ్చాను. పాస్‌వర్డు ఏమిటో, ఖాతా సంఖ్య ఎక్కడ ఉంటుందో, ఏ గడిలో ఏం చూడాలో ఆమె ఒక కాగితం మీద రాసుకుని బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన పెట్టింది.