ఏడు రోడ్ల దగ్గర దొరికిన మిడ్‌వే

కడప ఏడు రోడ్ల దగ్గర పాత పుస్తకాల బండి మీద, పసిఫిక్ యుద్ధం గురించిన ఇంగ్లిష్ పుస్తకం 120 రూపాయలకు కొన్నాను. అట్ట ఊడింది, చెమ్మ వాసన. అయినా పసిఫిక్‌లో అమెరికా చేతిలో ఉన్న చిన్న దీవి మిడ్‌వే దగ్గర జరిగిన యుద్ధం గురించిన అధ్యాయం ఒక్కటే చాలు. జపాన్ రహస్య సందేశాల్లో దాడి చేయబోయే చోటుకు 'ఏఎఫ్' అనే గుర్తు ఉంది. అది మిడ్‌వేనా అని తేల్చుకోవడానికి, అక్కడ మంచినీళ్లకు ఇబ్బందిగా ఉందని అమెరికావాళ్లు కావాలనే మామూలు భాషలో రేడియోలో చెప్పించారు. 'ఏఎఫ్‌లో నీళ్ల కొరత' అని జపాన్ వాళ్లు తమ కోడ్‌లో చెప్పుకోవడం అమెరికావాళ్లు పట్టుకోగానే, దాడి ఎక్కడో తేలిపోయింది. నీళ్ల కరువు చూసిన మన సీమవాళ్లకు ఇది ఇట్టే ఎక్కుతుంది.

1942 జూన్ 4న జపాన్ విమానవాహక నౌకలు అకాగి, కాగా, సోర్యు కొన్ని నిమిషాల్లోనే మంటల్లో చిక్కాయి. సాయంత్రానికి హిర్యూ కూడా. ఆ పేజీలు టెన్షన్‌తో నిలబడే చదివాను.

లోటు ఒక్కటే. మడత మ్యాపు ఎవరో చింపేశారు, అమ్మేటప్పుడు ఆ మాట చెప్పలేదు. మ్యాపు లేకపోతే ఓడల కదలిక అర్థం కాదు. మా పాప స్కూలు అట్లాసులో పెన్సిల్‌తో గీసుకుంటూ చదివాను.