కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర ఉగ్గాని బండి

ముందు రుచి సంగతి. బొరుగులు నానబెట్టి గట్టిగా పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయల తాలింపులో కలిపి, దించే ముందు పుట్నాల పొడి చల్లుతుంది బండి నడిపే అక్క. చాలాచోట్ల ఎక్కువ నాని ముద్దయిపోతుంది, ఇక్కడ మాత్రం పొడిపొడిగా ఉంటుంది. మిరపకాయ బజ్జీ వేడిమీద ఉన్నప్పుడే తినాలి, పొద్దున 8 గంటలు దాటితే మెత్తబడిపోతుంది. బజ్జీతో కలిపి ప్లేటు 30 రూపాయలు.

నాకు ఇంకా నచ్చింది అక్క పెట్టే తీరు. ఈ ఆసుపత్రికి ఆదోని, ఆలూరు, కోసిగి వైపు నుంచే కాదు, గద్వాల, రాయచూరు నుంచి కూడా వస్తారు. రోగికి లోపల భోజనం పెడతారు, తోడు వచ్చినవాళ్లకే కష్టం, మందులకు, స్కానింగులకు చేతిలో డబ్బు అయిపోయాక వాళ్లు ముందు మానేసేది తిండే. మొన్న ఒకామె పిల్లోణ్ని వెంటబెట్టుకొచ్చి ఒక్క ప్లేటే అడిగితే అక్క రెండు పెట్టింది. ఆమె కొంగుముడి విప్పబోతుంటే "డిశ్చార్జి అయ్యి పోయేటప్పుడు ఇద్దువులేమ్మా, ముందు తిను" అంది. ఎక్కడ రాసుకుంటుందా అని చూస్తే బండి మీద ఖాతా పుస్తకమే లేదు. అప్పు అన్నది పేరుకే, తీసుకునేవాళ్లు తల దించుకోకుండా! పైగా "కారం సరిపోయిందా, ఇంకో బజ్జీ వేసేదా" అని డబ్బిచ్చే నన్ను ఎట్లా అడుగుతుందో ఆమెనూ అట్లే అడిగింది.

అక్కేమీ కలిగినామె కాదు, గిరాకీ తగ్గేసరికి డైలీ ఫైనాన్స్ అబ్బాయి వచ్చి నిలబడతాడు. అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకే టిఫిన్ పెడుతున్నారు, మంచి పనే, దాని వెనక ప్రభుత్వం ఉంది, దాతలున్నారు. ఈ బండి వెనక ఉన్నది రేపటి బొరుగుల మూటకు తీసిపెట్టుకున్న డబ్బే. లక్షలిచ్చి శిలాఫలకం మీద పేరు వేయించుకునేవాళ్లను నేను తప్పు పట్టను, వాళ్ల డబ్బుతో ఎన్నో అన్నదాన సత్రాలు నడుస్తున్నాయి, కానీ తనకే చాలనిదాంట్లోంచి తీసి పెట్టే చెయ్యి నాకు అంతకన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

కూర్చునే చోటు లేదు, నిలబడే తినాలి. 10కల్లా అయిపోతుంది. ఫోన్‌పే ఉంది. వీలైతే ఇంకో ప్లేటుకు కూడా కట్టి రండి, ఎవరికని అడగకుండా తీసుకుంటుంది. రీల్స్ చేసేవాళ్లు మాత్రం దయచేసి అక్కడ ఫోన్ తీయొద్దు. తినేవాళ్లకు లోపల మంచం మీద ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ల మొహాలు ఊరంతా తిరగాల్సిన పని లేదు.