పికప్‌కి 2 అంగుళాల లిఫ్ట్: విజయనగరం, సాలూరు, 16,560 రూపాయలు

పికప్‌ని 2 అంగుళాలు ఎత్తు లేపించుకుందామని (లిఫ్ట్) విజయనగరం షెడ్డుకి ఇస్తే, కొత్త యూ బోల్టులని బిల్లు రాసి, పాత బోల్టులకే కొత్త నట్లు బిగించి పంపారు. ఇదంతా రాయడానికి కారణం అదే. వెనక ఇరుసును కమాన్ కట్టకి (లీఫ్ స్ప్రింగుకి) పట్టి ఉంచేవి ఆ నాలుగు బోల్టులే. అక్కడ మోసం చేయడమంటే మనిషి ప్రాణంతో ఆడుకోవడమే.

బండి డబుల్ క్యాబిన్ పికప్. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. శ్రీకాకుళంలో పొద్దున్నే బయలుదేరితే టిఫిన్ వేళకి విజయనగరం చేరాం. దారి గురించి చెప్పుకోవాల్సిందేమీ లేదు.

షెడ్డువాళ్లు ముందు 4 అంగుళాల లిఫ్ట్, 22,000 అన్నారు. నాతో వచ్చిన బావ మొహం వెలిగిపోయింది. బడ్జెట్‌లో చేయించుకునేవాళ్లు ఈ మాట దగ్గరే ఆగాలి. ముందు చక్రాలు విడివిడిగా కదిలే బండికి 2 అంగుళాలు దాటితే చక్రాన్ని పైనుంచి పట్టే పై ఆర్మ్ బాల్ జాయింట్ కోణం చివరికొచ్చేస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు షాఫ్టుల జాయింట్లు బాగా వంగి, వాటి మీది రబ్బరు బూట్లు (తొడుగులు) చిరిగి, గ్రీజు పోతుంది. దాన్ని సరిచేయడానికి కొత్త ఆర్మ్‌లు, పొడవాటి షాక్ అబ్జార్బర్లు కావాలి. అప్పుడు అది బడ్జెట్ పని కాదు.

ఇంకోటి. జీడితోట బాటలో గాడి మధ్య దిబ్బకి క్రౌన్ హౌసింగ్ (ఇరుసు మధ్య గేర్లుండే గుండు) తగులుతోందని లిఫ్ట్ చేయిస్తే డబ్బు దండగ. సస్పెన్షన్ లిఫ్ట్ లేపేది చాసిస్‌ని, బాడీని. ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది పెద్ద టైరే. 245/70 ఆర్16 తీసి 265/70 ఆర్16 వేస్తే టైరు వ్యాసం 28 మి.మీ. పెరుగుతుంది, అందులో సగం, 14 మి.మీ., ఇరుసు లేస్తుంది. స్పీడోమీటరు 80 చూపించినప్పుడు బండి 83లో పోతుంది.

చివరికి 2 అంగుళాలకే ఒప్పుకున్నాం. బావ మధ్యాహ్నం భోజనం దాకా ముభావంగానే ఉన్నాడు.

పని మొదలెట్టకముందే చదునైన నేల మీద నాలుగు మూలలా హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి ఫెండర్ (మడ్‌గార్డు) అంచు దాకా కొలిచి రాసుకోవాలి. చక్రం కింద నుంచి కొలిస్తే టైరు గాలి తేడా లెక్క పాడు చేస్తుంది. వెనక భాగం ఖాళీగా ఉన్నప్పుడు కాస్త ఎత్తుగానే ఉండాలి, లోడు పడ్డాక సమమవుతుంది. వెనక అప్పటికే ఎత్తుగా ఉంది కాబట్టి ముందు 45 మి.మీ. లేపి, వెనక 35 దగ్గర ఆపాం.

ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన ఎత్తు కోసం పెట్టే స్పేసర్ల జత 4,500. స్పేసర్ మందం, లిఫ్ట్ ఒకటే అనుకోవద్దు. స్ట్రట్ కింది ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది కాబట్టి 25 మి.మీ. స్పేసర్‌కి చక్రం దగ్గర రెట్టింపుకి దగ్గరగా వస్తుంది. 50 మి.మీ. ముక్క తెచ్చి 2 అంగుళాలు అని అమ్మేవాళ్లని నమ్మితే బాల్ జాయింట్ గోవిందా.

వెనక్కి మూడు దారులు. పొడవు షాకిల్ (కట్ట చివరని చాసిస్‌కి కలిపే ముక్క) చౌకే, కానీ 2 అంగుళాలు పొడవు పెంచితే లేచేది అంగుళమే, పైగా బండి పక్కకి ఊగుతుంది. ఇరుసుకి, కట్టకి మధ్య పెట్టే స్టీలు బ్లాకు పనిచేస్తుంది. అయితే ఒకటే ఉండాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, ముందు ఇరుసుకి అసలే వద్దు. మా లెక్కలో మంచిది మూడోది, కట్టలో ఒక పట్టీ అదనంగా వేయించడం. ఇలా చేస్తే కంపెనీ చెప్పిన లోడు పెరగదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. పాత పట్టీలనే కొలిమిలో కాల్చి వంపు కొట్టిస్తే సగం ఖర్చే అంటారు. టెంపర్ (ఉక్కు స్ప్రింగు గుణం) పోయిన పట్టీ మళ్లీ కుంగుతుంది, లేదా విరుగుతుంది.

పట్టీలు 3,200, యూ బోల్టులు 1,400, పట్టీలని మధ్యలో కలిపే సెంటర్ బోల్టులు 160, రబ్బరు బుష్‌లు 800, కూలి 4,000. స్పేసర్లతో కలిపి 14,060. బుష్ బోల్టుల విషయంలో షెడ్డు కుర్రాడు మంచి పనిచేశాడు. బండి జాకీ మీద ఉండగా పైపైన పెట్టి, చక్రాలు నేల మీదకి దిగాకే బిగించాడు. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి త్వరగా తెగుతుంది.

వాళ్లు వదిలేసింది బ్రేకు వాల్వ్. కొన్ని పికప్‌లలో వెనక ఇరుసు నుంచి చాసిస్ మీది వాల్వ్‌కి ఒక కడ్డీ ఉంటుంది. వెనక లేస్తే లోడు లేదనుకుని అది వెనక బ్రేకులకి ఒత్తిడి తగ్గిస్తుంది. వెనక ఎంత లేపారో ఇరుసు వైపున్న ఆ కడ్డీ బ్రాకెట్‌నీ అంతే లేపించాలి. అడిగాకే చేశారు. బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు చక్రం పూర్తిగా వేలాడినా బిగుసుకోకూడదు, అదీ దగ్గరుండి చూసుకోవాలి.

అలైన్‌మెంట్ వేరే చోట, 600. చక్రాల కోణాల్లో టో ఒక్కటి కాకుండా క్యాస్టర్, క్యాంబర్ కూడా కాగితం మీద ఇచ్చారు. మంచి సేవ. రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జి 1,300. పార్కింగ్ ఉందన్నారు, తీరా చూస్తే బైకులకే. బండి రోడ్డు మీద, బావ నిద్ర కిటికీ దగ్గర.

100 కి.మీ. తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి. గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు పోయొస్తే అంత దూరం అవుతుంది. సాలూరు లారీల ఊరు, అందుకే కట్టల పనివాడి దగ్గర ఆపాం. 60 కి.మీ.కే నట్లు దాదాపు అరచుట్టు తిరిగాయి. ఆయన ఒక బోల్టు విప్పి వేలితో రుద్ది చూపించాడు, మరల్లో పాత తుప్పు. “సాగిపోనాది బాబూ, కొత్త నట్టు ఏసినా నిలబడదు,” అన్నాడు. యూ బోల్టు ఒకసారి బిగిస్తే సాగుతుంది, విప్పి రెండోసారి వాడితే పట్టు ఇవ్వదు. అది వదులైతే భారమంతా సెంటర్ బోల్టు మీద పడి, అది తెగి, ఇరుసు పక్కకి జరుగుతుంది. సాలూరు దాటి ఒడిశా వైపు వచ్చే సుంకి ఘాట్‌లో అలా జరిగితే ఏమయ్యేదో ఊహించడానికే భయమేసింది. బావ అసలు మాట్లాడలేదు.

కొత్తవి నాలుగు 1,400, కూలి 500. ఎదురెదురుగా, విడతలవారీగా, టార్క్ రెంచితో బిగించి, నట్టు నుంచి బోల్టు దాకా పెయింటు గీత గీశాడు. గీత తప్పితే వదులైనట్టే. షెడ్డుకి ఫోన్ చేస్తే కొత్తవే వేశామని ఇప్పటికీ వాదిస్తున్నారు. లాడ్జి కాకుండా బండికి మొత్తం ఖర్చు 16,560 అయింది.

డబ్బు పెట్టేముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆర్సీ వివరాలకి తేడా వచ్చే మార్పుల్ని ఒప్పుకోదు. 182ఏ ప్రకారం నిబంధనలు ఒప్పుకోని ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

వెనక పని మటుకు నేరుగా సాలూరులోనే పెట్టుకోండి. పొద్దున ఇస్తే సాయంత్రానికి అవుతుందని ఆ కట్టల పనివాడు చెప్పాడు. లాడ్జికి పోయే 1,300కి ఇంకో వంద కలిపితే నాలుగు యూ బోల్టులు వస్తాయి.