టెథర్‌లోనే ఉంచాలా, మొనేరోలోకి మార్చాలా: ఏది మేలు?

మా చిన్నమ్మ కొడుకు కాజీపేటలో ఉంటాడు, వీడియో ఎడిటింగ్ చేస్తాడు. బయటి దేశాల క్లయింట్లు ఇద్దరు ముగ్గురు అతనికి డబ్బులు టెథర్‌లో, అంటే డాలర్ విలువకు కట్టి ఉంచే యూఎస్‌డీటీ అనే క్రిప్టో నాణెంలో పంపిస్తారు. మొన్న సంక్రాంతికి ఇంటికి వచ్చి అన్నం తింటూ ఒక మాట అన్నాడు: "అన్నా, రేటు పెంచుమని అడిగితే వాడు నా వాలెట్ లెక్క మొత్తం చదివి వినిపించిండు. ఇంకో క్లయింట్ ఎంత ఇస్తుండో కూడా వానికి తెలుసు. అంతా మొనేరోలకు మార్చుకుంటే ఈ టెన్షన్ పోతది గదా?" మొనేరో అంటే ఎవరు ఎవరికి ఎంత పంపారో బయటికి కనిపించనివ్వని ఇంకో క్రిప్టో నాణెం.

నేను హనుమకొండలో ఇన్‌కం టాక్స్ రిటర్నులు వేస్తాను. ఆ రోజు అతనికి సగం జవాబే చెప్పగలిగాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను, ఎందుకంటే ఇదే ప్రశ్నతో నా దగ్గరికి వచ్చే పిల్లలు ఇంకా ఉన్నారు.

ముందు అతనికి ఏం జరిగిందో చూద్దాం. టెథర్ ఎక్కువగా ట్రాన్ లేదా ఇథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్‌ల మీద నడుస్తుంది. ఆ రెండింటి ఖాతా పుస్తకం లోకానికంతా తెరిచి ఉంటుంది. ఎనుమాముల మార్కెట్‌లో ప్రతి రైతు తక్‌పట్టీని, అంటే పంట అమ్మిన లెక్క చీటీని, జిరాక్స్ తీసి గేటుకు అతికించినట్టు అనుకోండి. దాని మీద పేరు ఉండదు, చిరునామా అనే నంబరే ఉంటుంది. కానీ మీకు డబ్బు పంపినవాడికి ఆ నంబరు మీదేనని తెలుసు. ఇక ఎవరు ఎంత ఇచ్చారు, ఎంత మిగిలింది, ఎప్పుడు అమ్ముకున్నారు, అంతా చదువుకోవచ్చు. కష్టపడి సంపాదించుకున్న పిల్లవాడి చిట్టా ఎవడో ముందు పెట్టుకుని బేరమాడటం నాకు చాలా బాధ కలిగించింది. గోప్యత కోరుకోవడం తప్పు కాదు. జీతం స్లిప్పు తీసుకెళ్లి గోడకు ఎవరూ అంటించరు కదా.

లెక్కను గోప్యంగా ఉంచే పనిలో మొనేరో నిజంగా గట్టిది. 2014 ఏప్రిల్‌లో మొదలైంది. మీరు ఖర్చు పెట్టిన నాణేన్ని మరో 15 నాణేలతో కలిపి చూపిస్తుంది, వాటిలో అసలుది ఏదో బయటివాడికి తేలదు. అందుకునేవాడికి ప్రతిసారీ కొత్త చిరునామా పుడుతుంది. 2017 నుంచి ఎంత పంపారో కూడా దాచేస్తోంది. చాలామందికి తెలియని ఇంకో సంగతి, దీనికి వ్యూ కీ అని ఒకటుంది. అది ఇస్తే నాలాంటివాడు మీకు వచ్చిన డబ్బును చూడగలడు, ఖర్చు మాత్రం పెట్టలేడు. అంటే క్లయింటు కంటికి కనిపించకుండా ఉంచి, లెక్క చూసేవాడికి చూపించవచ్చు. ఈ ఒక్క సదుపాయం కోసమే నాకు మొనేరో మీద గౌరవం.

టెథర్‌కున్న బలం వేరు. ఒక్కటి ఒక డాలర్ దగ్గరే నిలబడుతుంది. పోయిన నెల సంపాదన ఈ నెల కూడా దాదాపు అంతే ఉంటుంది. అయితే దాని వెనక ఒక కంపెనీ ఉంది, ఆ కంపెనీ కావాలనుకుంటే ఒక చిరునామాలోని డబ్బును స్తంభింపజేయగలదు. నిల్వల గురించి తప్పు మాటలు చెప్పినందుకు అమెరికా నియంత్రణ సంస్థ 2021 అక్టోబర్‌లో దానికి 4.1 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. మొనేరోను స్తంభింపజేసేవాడు ఎవడూ లేడు, ధరను పట్టి ఉంచేవాడూ లేడు.

ఇక మన దగ్గర అసలు చిక్కు పన్ను. పిల్లలు "మార్చుకోవడమే కదా, అమ్మలేదు కదా" అంటారు. పాత గాజులిచ్చి కొత్త గొలుసు తీసుకున్నట్టు అనుకుంటారు. చట్టం దృష్టిలో ఒక క్రిప్టో ఇచ్చి ఇంకో క్రిప్టో తీసుకున్నా అది అమ్మకమే. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, సెస్సు కలిపితే 31.2. ఆ ఏడాది జులై 1 నుంచి లావాదేవీ మొత్తం మీద 1 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను. క్రిప్టో కొని అమ్మే మన దేశపు ఎక్స్ఛేంజ్ అయితే అదే పట్టుకుంటుంది. బయట ఎక్కడో మార్చితే ఆ బాధ్యత మన మెడకే చుట్టుకుంటుంది. టీడీఎస్ రిటర్నులో సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు మన చేతిలో ఉండదు.

ఒక లెక్క వేసి చూపిస్తాను. తమ్ముడికి 1,000 టెథర్ వచ్చిన రోజు రేటు 86 రూపాయలనుకుందాం. ఆ 86,000 అతని వృత్తి ఆదాయం, దాని పన్ను దానిదే. మొనేరోలోకి మార్చిన రోజు టెథర్ రేటు 89. అంటే 3,000 లాభం, 936 రూపాయలు పన్ను. చేతికి ఒక్క రూపాయి రాకముందే ఇది. తర్వాత మొనేరో 20 శాతం పెరిగి అమ్మితే 17,800 లాభంలో సుమారు 5,554 పన్నుకు పోతుంది. అదే 20 శాతం పడిపోతే 17,800 నష్టం పూర్తిగా మనదే. ముందు వచ్చిన ఆ 3,000 లాభంలో కూడా దాన్ని తగ్గించుకోనివ్వరు. పెరిగితే వాటా, తగ్గితే మౌనం. నెలకు 80 వేలు సంపాదించే కుర్రాడికి ఈ ఆట వద్దని నేను గట్టిగా చెబుతాను.

మార్చుకునే దారులు కూడా ఇరుకైపోయాయి. బైనాన్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజ్ 2024 ఫిబ్రవరి 20న మొనేరోను తీసేసింది, దానికి కాస్త ముందు ఓకేఎక్స్ అనే ఇంకో ఎక్స్ఛేంజ్ తీసేసింది. మిగిలినవి ఎక్కువగా అప్పటికప్పుడు మార్చిపెట్టే సైట్లు. గుర్తింపు అడగబోమని చెబుతాయి, కానీ అనుమానం వస్తే నాణేలు మధ్యలో ఆపేసి అప్పుడు ఆధార్ లాంటివి అడుగుతాయి. రేటులో తరుగు కూడా ఉంటుంది, చివరికి చేతికొచ్చేదాన్ని చూసే పోల్చుకోవాలి. నెట్‌వర్క్ తప్పుగా ఎంచుకుంటే డబ్బు గల్లంతే. ట్రాన్ చిరునామా టీ అక్షరంతో, మొనేరో చిరునామా 4తోనో 8తోనో మొదలవుతుంది, అది ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

టెథర్ అమ్మి రూపాయలు తీసుకునే వైపు కూడా ప్రమాదముంది. ముఖం తెలియనివాడికి పీటూపీలో, అంటే ఎక్స్ఛేంజ్ కొనకుండా మనిషికి మనిషే నేరుగా, అమ్మితే, వాడు పంపిన రూపాయలు ఏదో సైబర్ మోసానివి కావచ్చు. సుబేదారి నుంచి నా దగ్గరికి వచ్చిన ఒకతని ఖాతా అలాగే వేరే రాష్ట్రం పోలీసుల లేఖతో ఆగిపోయింది. విడిపించుకోవడానికి నాలుగు నెలలు తిరిగాడు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగంలో నమోదైన ఎక్స్ఛేంజ్‌లో అమ్మితే రేటు కాస్త తక్కువ వచ్చినా రాత్రి నిద్ర పడుతుంది.

తమ్ముడి సమస్యకు మూడో దారి ఒకటుంది, నేను దాన్నే ముందు పెడతాను. ఒక్కో క్లయింటుకు ఒక్కో చిరునామా. ఒకడికి ఇచ్చింది ఇంకొకడికి ఇవ్వకూడదు, ఆ చిరునామాల డబ్బును ఒకే చోట పోగేయకూడదు. పోగేస్తే మళ్లీ అన్నీ ఒకడివేనని తెలిసిపోతుంది. ఒక్కోదాని నుంచి నేరుగా ఎక్స్ఛేంజ్‌కు పంపాలి. ప్రతి చిరునామాలో ఫీజుకు ట్రాన్ నెట్‌వర్క్ సొంత నాణెం కొంచెం ఉంచాలి, అది చిన్న తలనొప్పి. క్లయింటు ఒప్పుకుంటే బ్యాంకు ద్వారా డాలర్లలో తెప్పించుకోవడం ఇంకా మంచిది. విదేశీ సొమ్ము వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే కాగితం రేపు ఇల్లు లోనుకూ పనికొస్తుంది.

ఎవరికైనా ఏడాది దాకా ముట్టుకోని చిన్న మొత్తం ఉండి, ధర పడ్డా ఓర్చుకోగలిగి, ఆ మార్పిడిని రిటర్నులో చూపిస్తానంటే మొనేరోలో పెట్టుకోవడానికి నేను అడ్డం చెప్పను. పన్ను నుంచి దాచడానికైతే మాత్రం నా దగ్గరికి రావద్దు. క్లయింటు నుంచి దాచడం, సర్కారు నుంచి దాచడం ఒకటి కాదు. టెథర్ వైపు తేదీ, మొత్తం ఎలాగూ కనిపిస్తూనే ఉంటాయి.

పోయిన ఆదివారం తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. "అన్నా, మూడు అడ్రసులు చేసిన. ఉన్నది రూపాయలల్ల తీసుకున్న. జూన్‌ల బాపు మోకాలు ఆపరేషన్ ఉన్నది గదా, ఆ పైసల్తోని ఎట్ల ఆడుకుంట?" అన్నాడు. లావాదేవీల షీటు పంపమన్నాను. పంపాడు. తేదీ పక్కన ఆ రోజు రూపాయి రేటు రాయడం మరిచిపోయాడు, అది నింపించుకుంటున్నాను.